సూర్యుని నాడి

మన ప్రాచీన సాహిత్యంలో సూర్యుడు నియమపాలనకు మారుపేరు. ఏడు గుర్రాలు పూన్చిన రథంపై, అనూరుడు సారథిగా, ఏ ఒక్కనాడూ ఆలస్యం చేయక, ఏ ఒక్కనాడూ తొందరపడక సంచరించే కర్మసాక్షిగా కవులు ఆయనను కీర్తించారు. కంటికి కనిపించే సూర్యుని విషయంలో ఈ భావన సత్యదూరం కాదు. సూర్యుడు వెదజల్లే వెలుగు, వేడిమి మొత్తంలో పదకొండేళ్ల వ్యవధిలో కలిగే హెచ్చుతగ్గులు వెయ్యింట ఒక వంతుకు మించవు. అయితే అదే సూర్యుణ్ణి రేడియో తరంగాల ద్వారా పరిశీలించినప్పుడు వేరొక స్వరూపం సాక్షాత్కరిస్తుంది. అక్కడ కొన్ని నిమిషాల వ్యవధిలోనే తీవ్రత వందల రెట్లు, ఒక్కొక్కప్పుడు వేల రెట్లు పెరిగి, మళ్లీ అణగిపోతుంది. ఆ పెరగడంలోనూ తగ్గడంలోనూ కొన్ని వేళల స్పష్టమైన లయ వినిపిస్తుంది. వైద్యుడు మణికట్టు పట్టి చూసి శరీరంలోని స్థితిని గ్రహించినట్లు, శాస్త్రజ్ఞులు ఆ లయను బట్టి సూర్యుని లోగుట్టును గ్రహించడానికి ఎనభై సంవత్సరాలుగా ప్రయత్నిస్తున్నారు.

పూర్వపు వైద్యులు నాడి నడకను పాము నడకతోనూ, కప్ప గంతుతోనూ, హంస గమనంతోనూ పోల్చి చెప్పేవారు. సూర్యుని నాడి కూడా ఒకే విధంగా నడవదు. సంవత్సరాల తరబడి సాగే గతి ఒకటి, దినాలలో తిరిగివచ్చేది ఒకటి, నిమిషాలలోనూ క్షణాలలోనూ కొట్టుకొనేవి మరికొన్ని. వీటిని గురించి తెలుసుకోవడానికి ముందు, అసలు సూర్యునికి ఇటువంటి నాడి ఒకటి ఉన్నదని లోకానికి ఎలా తెలిసిందో తెలుసుకోవాలి. అది ఒక యుద్ధకాలపు కథ.

1942 ఫిబ్రవరి 12న జర్మనీకి చెందిన షార్న్‌హోర్స్ట్, గ్నైసెనౌ అనే యుద్ధనౌకలు ఇంగ్లిష్ చానల్ గుండా పట్టపగలే తప్పించుకొని పోయాయి. బ్రిటన్ తీరంలోని రాడార్లను శత్రువులు కృత్రిమ రేడియో ధ్వనితో మూగబోయేట్లు చేయడం ఇందుకు తోడ్పడింది. ఈ అవమానం నుంచి తేరుకోకముందే, అదే నెల 27, 28 తేదీలలో విమాన విధ్వంసక ఫిరంగులకు దారి చూపే రాడార్లు అనేక ప్రాంతాలలో మళ్లీ పనికిరాకుండా పోయాయి. శత్రువు మరొక కుతంత్రం పన్నాడనే అందరూ భావించారు. విషయాన్ని విచారించే బాధ్యత సైనిక పరిశోధన విభాగంలోని జేమ్స్ స్టాన్లీ హే అనే యువ శాస్త్రవేత్తకు అప్పగించారు. ఆయన భౌతికశాస్త్రం చదివినవాడే గాని, రేడియో విద్యలో ఆయన పొందిన శిక్షణ కొద్ది వారాలదే.

హే వివిధ కేంద్రాల నుంచి వచ్చిన నివేదికలను ఒకచోట పేర్చి చూశాడు. ఎక్కడ ఏ రాడార్‌ను పరికించినా, అవరోధం వస్తున్న దిక్కు మాత్రం గంట గంటకూ తూర్పు నుంచి పడమరకు జరుగుతున్నది. రాత్రి కాగానే అది ఆగిపోతున్నది. శత్రువు ఎంతటి మాయావి అయినా ఆకాశంలో సూర్యుణ్ణి అంటిపెట్టుకొని నడవలేడు గదా! గ్రీనిచ్ వేధశాలను సంప్రదించగా, సూర్యబింబం నడిమి భాగంలో ఆ రోజులలో ఒక పెద్ద కళంక సమూహం ఉన్నదని తెలిసింది. నాలుగు నుంచి ఆరు మీటర్ల తరంగదైర్ఘ్యం గల ఆ అలజడి సూర్యుని నుంచే వస్తున్నదని హే నిర్ధారించాడు. యుద్ధం కారణంగా ఈ సంగతి రహస్యంగానే ఉండిపోయి, 1946లో గాని పత్రికలో వెలువడలేదు.

అదే 1942వ సంవత్సరం వేసవిలో అమెరికాలో సౌత్‌వర్త్ అనే ఇంజనీరు కొన్ని సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో ప్రశాంత సూర్యుని నుంచి వచ్చే మంద్రమైన రేడియో ప్రసారాన్ని విడిగా గుర్తించాడు. అంతకు పదేళ్ల ముందే కార్ల్ జాన్‌స్కీ పాలపుంత నుంచి వచ్చే రేడియో ధ్వనిని కనుగొన్నాడు గాని, ఆయనకు సూర్యుడు వినిపించలేదు. అప్పుడు సూర్యుడు కళంకాలు లేని నిద్రావస్థలో ఉన్నాడు. దూరాన ఉన్న నక్షత్రరాశి వినబడి, ఇంటి ముంగిట ఉన్న సూర్యుడు వినబడకపోవడం విజ్ఞానశాస్త్ర చరిత్రలోని చమత్కారాలలో ఒకటి.

యుద్ధం ముగిసిన తరువాత ఈ విద్యకు పుట్టినిల్లుగా నిలిచినవి ఆస్ట్రేలియాలోని సిడ్నీ పరిసరాలు. అక్కడ పనిచేసిన రూబీ పేన్-స్కాట్ ప్రపంచంలోని తొలి మహిళా రేడియో ఖగోళ శాస్త్రజ్ఞురాలు. 1912లో జన్మించిన ఆమె భౌతికశాస్త్రంలో పట్టభద్రురాలై, యుద్ధకాలంలో రాడార్ పరిశోధనలో ప్రవేశించారు. 1945లో ఆమె, ఆమె సహచరులు సూర్యుని రేడియో తీవ్రత కళంకాల వైశాల్యంతో పాటు హెచ్చుతగ్గులకు లోనవుతున్నదని గమనించారు. 1946 జనవరి 26న డోవర్ హైట్స్ అనే సముద్రతీరపు కొండకొమ్ము మీది నుంచి ఉదయించే సూర్యుణ్ణి పరిశీలించారు. సూర్యుని నుంచి నేరుగా వచ్చే తరంగమూ, సముద్రపు నీటిపై పరావర్తనం చెంది వచ్చే తరంగమూ ఒకే యాంటెనాలో కలిసి, ఒకదానినొకటి బలపరచుకొంటూ బలహీనపరచుకొంటూ పట్టీలుగా ఏర్పడతాయి. సముద్రమే రెండవ యాంటెనాగా పనిచేసిందన్నమాట. ఈ ఉపాయంతో రేడియో ఉద్గారం బింబమంతటి నుంచీ కాక, కళంకాలున్న చోటి నుంచే వస్తున్నదని వారు నిరూపించారు.

1947 మార్చిలో ఆమె బృందం మరొక విశేషాన్ని గుర్తించింది. ఒక పెద్ద విస్ఫోటం మొదట 200 మెగాహెర్ట్జ్‌లోనూ, తరువాత 100లోనూ, ఆ తరువాత 60లోనూ వినిపించింది. ఎక్కువ పౌనఃపున్యం ముందు, తక్కువ పౌనఃపున్యం వెనుక. అంటే కల్లోలానికి కారణమైన వస్తువేదో సూర్యుని దట్టమైన పొరల నుంచి పలుచని పొరలలోకి పైకి ప్రయాణిస్తున్నదని అర్థం. ఇంతటి ప్రతిభావంతురాలైన శాస్త్రజ్ఞురాలు 1944లో తనకు జరిగిన వివాహాన్ని రహస్యంగా ఉంచవలసి వచ్చింది. వివాహిత స్త్రీలు శాశ్వత ఉద్యోగానికి అనర్హులని నాటి ఆస్ట్రేలియా ప్రభుత్వ సేవల నిబంధన. విషయం బయటపడగా 1950లో ఆమె శాశ్వతోద్యోగ హోదాను కోల్పోయారు. ప్రసవానికి ముందు, 1951లో, పరిశోధనారంగాన్నే విడిచిపెట్టారు. ఆ నిబంధన 1966 వరకు రద్దు కాలేదు. కాలంతో పాటు మారే సూర్యుని లయలను పసిగట్టిన ఆమెకు, కాలంతో పాటు మారని శాసనం అడ్డు నిలిచింది.

ఇక సూర్యుని రేడియో ప్రసారం ఎక్కడ పుడుతుందో విచారించాలి. మనకు కనిపించే సూర్యతలం ఉష్ణోగ్రత సుమారు 5800 కెల్విన్లు. దానిపై కరోనా అనే పలుచని వాతావరణం ఆవరించి ఉంటుంది. సంపూర్ణ గ్రహణవేళ ముత్యపు కాంతితో మెరిసే వలయం ఇదే. దాని ఉష్ణోగ్రత పది లక్షల కెల్విన్లకు పైబడి ఉంటుంది. అంత వేడిలో పరమాణువులు విడివడి ఎలక్ట్రానులు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. ఇట్టి పదార్థాన్ని ప్లాస్మా అంటారు. ప్రతి ప్లాస్మాకూ దానిలోని ఎలక్ట్రానుల సాంద్రతను బట్టి ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఘన సెంటీమీటరుకు పది కోట్ల ఎలక్ట్రానులున్న చోట అది సుమారు 90 మెగాహెర్ట్జ్. సాంద్రత నాలుగు రెట్లయితే పౌనఃపున్యం రెండింతలవుతుంది. తన సహజ పౌనఃపున్యం కంటె తక్కువైన తరంగాన్ని ప్లాస్మా తన గుండా పోనివ్వదు. అందుచేత మీటరు తరంగాలు కరోనాలోని పై పొరల నుంచి, సెంటీమీటరు తరంగాలు సూర్యతలానికి సమీపంలోని పొరల నుంచి మనకు చేరుతాయి. రేడియో గ్రాహకంలో పౌనఃపున్యాన్ని మార్చడమంటే సూర్యునిపై ఎత్తును మార్చడమే. పేన్-స్కాట్ బృందం చూసిన వరుసక్రమానికి కీలకం ఇదే.

లయలలో కెల్లా దీర్ఘమైనది పదకొండేళ్ల చక్రం. కళంకాలు పెరిగి తరిగే క్రమాన్ని రేడియో తీవ్రత కూడా అనుసరిస్తుంది. కెనడా శాస్త్రజ్ఞుడు ఆర్థర్ కోవింగ్టన్ యుద్ధంలో మిగిలిపోయిన రాడార్ భాగాలతో ఒక గ్రాహకాన్ని నిర్మించాడు. ఆ భాగాలు 10.7 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యానికి తయారైనవి గనుక ఆయన పరిశీలన కూడా అందులోనే సాగింది. 1946 నవంబరు 23న ఒటావాలో పాక్షిక సూర్యగ్రహణం సంభవించింది. చంద్రబింబం ఒక పెద్ద కళంక సమూహాన్ని కప్పిన క్షణంలో రేడియో తీవ్రత చటుక్కున పడిపోవడం ఆయన గమనించాడు. 1947 నుంచి ఆ కొలత ప్రతిదినమూ జరుగుతూనే ఉంది. నేడు బ్రిటిష్ కొలంబియాలోని పెంటిక్టన్‌లో రోజుకు మూడు పర్యాయాలు కొలుస్తున్నారు. సూర్యుడు ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆ సంఖ్య 65, 70 ప్రమాణాల దగ్గర నిలుస్తుంది. ఉద్ధృతంగా ఉన్నప్పుడు 200 దాటుతుంది. ఏదో యంత్రానికి తగినట్లు ఎన్నుకొన్న తరంగదైర్ఘ్యం సూర్యుని ఆరోగ్యానికి ప్రామాణిక సూచిక కావడం కాకతాళీయమే అయినా, ఎంతో మేలు చేసింది.

ఆ దినచర్య పట్టికను పరిశీలిస్తే 27 రోజుల అల కూడా కనిపిస్తుంది. దానికి కారణం సరళమైనది. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడు. కళంకమున్న ముఖం భూమివైపు తిరిగి రావడానికి సుమారు 27 రోజులు పడుతుంది. ఇది దీపస్తంభపు కాంతి మన మీదుగా తిరిగి తిరిగి రావడం వంటిదే గాని, సూర్యుడు నిజంగా కొట్టుకొనే నాడి కాదు.

నిజమైన కంపనం 1960లో బయటపడింది. అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో రాబర్ట్ లైటన్, ఆయన సహచరులు సూర్యతలంలోని భాగాలు సుమారు ఐదు నిమిషాలకొకసారి పైకి ఉబ్బి కిందికి అణగుతున్నట్లు కనుగొని, 1962లో వివరంగా ప్రకటించారు. సూర్యుని లోపల చిక్కుకొన్న ధ్వనితరంగాలే ఇందుకు కారణమని తరువాత తేలింది. గంట మోగినప్పుడు దాని లోహమంతా కంపించినట్లు సూర్యగోళమంతా కంపిస్తూనే ఉన్నదన్నమాట. కళంకాల పైభాగంలో మాత్రం లయ కొంత వేగం పుంజుకొని మూడు నిమిషాలవుతుంది.

ఈ మూడు నిమిషాల లయను రేడియోలో పట్టుకొన్న ఘనత జపాన్‌లోని నొబెయామా రేడియో హీలియోగ్రాఫ్‌ది. 84 చిన్న యాంటెనాలను అక్షరం ‘టి’ ఆకారంలో అమర్చి, 1992 నుంచి 2020 వరకు అది ప్రతిదినమూ సూర్యుని రేడియో చిత్రాలను తీసింది. రష్యా, జపాన్ శాస్త్రజ్ఞులు కలిసి ఆ చిత్రాలను విశ్లేషించి, కళంకాల మీది రేడియో ప్రకాశం రెండు మూడు నిమిషాల ఆవర్తన కాలంతో ఊగుతున్నదని 1999లో ప్రకటించారు. ఇక్కడొక సూక్ష్మం ఉంది. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రానులు గిరగిర తిరుగుతూ రేడియో తరంగాలను వెలువరిస్తాయి. ఒక్కొక్క గౌస్ క్షేత్రానికి వాటి భ్రమణం సెకనుకు 28 లక్షల సార్లు. 2000 గౌస్‌ల క్షేత్రంలో ఆ భ్రమణానికి మూడింతల పౌనఃపున్యం దాదాపు 17 గిగాహెర్ట్జ్ అవుతుంది. నొబెయామా పరికరం వినే పౌనఃపున్యం సరిగ్గా అదే. కాబట్టి అది కళంకం మీద 2000 గౌస్‌ల క్షేత్రం ఉన్న పలుచని పొరను మాత్రమే ఎంచి వింటున్నది. కింది నుంచి ధ్వనితరంగాలు వచ్చి ఆ పొరను తాకిన ప్రతిసారీ అక్కడి సాంద్రత, ఉష్ణోగ్రత మారి రేడియో ప్రకాశం స్వల్పంగా ఎగసి పడుతుంది. చెరువు అడుగున బుడగలు లేచినప్పుడు తామరాకు అల్లాడినట్లుంటుంది ఈ వ్యవహారం.

మరింత ఆశ్చర్యకరమైనవి సౌరజ్వాలల సమయంలో కనిపించే స్పందనలు. సూర్యుని అయస్కాంత క్షేత్రంలో మెలికపడి ఉన్న శక్తి అకస్మాత్తుగా విడుదల కావడమే సౌరజ్వాల. 1969లో పార్క్స్, వింక్లర్ అనే శాస్త్రజ్ఞులు ఒక జ్వాల నుంచి వచ్చిన ఎక్స్-కిరణాలూ సూక్ష్మ రేడియో తరంగాలూ రెండూ ఏకకాలంలో 16 సెకన్లకొకసారి ఉబికినట్లు వెల్లడించారు. వేరువేరు పరికరాలు, వేరువేరు కిరణాలు, లయ మాత్రం ఒక్కటే. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినప్పుడు న్యాయస్థానం నమ్మక తప్పదు. మరుసటి సంవత్సరం రోజెన్‌బర్గ్ మీటరు తరంగాలలో కనిపించిన సెకను పాటి స్పందనలను ప్రస్తావించి, కరోనాలోని అయస్కాంత నాళాలు కంపించడమే వీటికి మూలమని సూచించాడు.

అయస్కాంత క్షేత్రంతో కూడిన ప్లాస్మాలో ఒక విధమైన తరంగాలు పుడతాయని స్వీడన్ శాస్త్రజ్ఞుడు హాన్స్ ఆల్ఫ్‌వేన్ 1942లోనే ప్రతిపాదించాడు. మొదట పెక్కుమంది నమ్మలేదు. 1970లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఈ తరంగాల స్వభావం వీణ తెలిసినవారికి సులభంగా బోధపడుతుంది. తీగ పలికే స్వరం మూడింటిపై ఆధారపడుతుంది: తీగ పొడవు, దాని బరువు, దాని బిగువు. పొడవైన తీగ మంద్రంగా పలుకుతుంది. బరువైన తీగ కూడా అంతే. బిగించిన కొద్దీ స్వరం హెచ్చుతుంది. సూర్యునిపై కళంకాల నడుమ కమానుల వలె లేచే ప్లాస్మా నాళాలకు పొడవుంది. లోపలి పదార్థమే వాటి బరువు. అయస్కాంత క్షేత్రమే వాటి బిగువు. స్వరం తెలిస్తే, పొడవూ బరువూ తెలిస్తే, బిగువును లెక్కకట్టవచ్చు. కరోనాలోని అయస్కాంత క్షేత్రాన్ని నేరుగా కొలవడం మిక్కిలి కష్టం. అటువంటి చోట లయను విని క్షేత్రాన్ని తెలుసుకొనే ఈ పద్ధతికి ఉన్న విలువ సామాన్యమైనది కాదు.

1998 జూలై 14న ట్రేస్ అనే ఉపగ్రహం అతినీలలోహిత చిత్రాలలో ఈ తీగలను కంటికి చూపించింది. ఒక జ్వాల తాకిడికి సమీపంలోని నాళాలు గాలికి ఊగే ఉయ్యాల తాళ్ల వలె అటూ ఇటూ ఊగాయి. వాటిలో ఒక నాళం పొడవు సుమారు 1,30,000 కిలోమీటర్లు. ఊగిసలాట కాలం 256 సెకన్లు. ఒక కొస నుంచి మరొక కొసకు పోయి తిరిగి వచ్చే దూరం 2,60,000 కిలోమీటర్లు గనుక తరంగ వేగం సెకనుకు సుమారు 1000 కిలోమీటర్లని తేలుతుంది. దీనిని బట్టి అయస్కాంత క్షేత్రం 13 గౌస్‌లని గుణించారు. అయితే ఆ లెక్కలో 9 గౌస్‌లు అటో ఇటో ఉండవచ్చునని వారే చెప్పారు. సాంద్రత కచ్చితంగా తెలియకపోవడమే ఇందుకు కారణం. కొలతతో పాటు దాని అనిశ్చితిని కూడా చెప్పడం శాస్త్రజ్ఞుల సత్సంప్రదాయం. సాహిత్య విమర్శకులకూ ఈ అలవాటు అబ్బితే బాగుండును.

నాళాలు ఊగడమే కాదు, కొలిమి తిత్తి వలె ఉబ్బి కుదించుకోవడం కూడా కద్దు. 2000 జనవరి 12న సంభవించిన ఒక జ్వాలను నొబెయామా పరికరం పరిశీలించింది. సుమారు 25,000 కిలోమీటర్ల పొడవు గల ఒక నాళంలో రేడియో తీవ్రత 14 నుంచి 17 సెకన్ల కాలంతో, నాళం పొడవునా ఒక్కసారిగా హెచ్చి తగ్గింది. నాళం కుదించుకొన్నప్పుడు క్షేత్రం బలపడి రేడియో ప్రసారం పెరుగుతుంది, ఉబ్బినప్పుడు తగ్గుతుంది. అది తిత్తి కదలికేనని పరిశోధకులు నిర్ణయించారు.

ప్రతి స్పందననూ ఇలాగే వివరించవచ్చునా అంటే, అభిప్రాయభేదాలున్నాయి. సరిగా కట్టని కుళాయి నుంచి నీటిచుక్కలు సమాన వ్యవధులలో రాలుతుంటాయి. ఆ లయను నేర్పినవారెవరూ లేరు. నీరు చేరడం, బరువెక్కడం, తెగి పడడం అనే క్రమమే లయను సృష్టిస్తున్నది. జ్వాలలో అయస్కాంత శక్తి కూడా విడతలు విడతలుగా తెగి విడుదల కావచ్చునని కొందరి వాదం. తీగ మోగుతున్నదా, చుక్క రాలుతున్నదా అనేది ఈనాటికీ పూర్తిగా తేలని వివాదం. ఇది మాటల పట్టింపు మాత్రం కాదు. తీగ అయితేనే ఆ లయ నుంచి క్షేత్రాన్ని లెక్కించడం న్యాయం. చుక్క అయితే ఆ లెక్కకు ఆధారమే లేదు.

లయ వినాలని కోరుకొనే చెవికి లేని లయ కూడా వినిపిస్తుంది. ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ 160 నిమిషాల కంపనం. 1976లో క్రిమియా వేధశాలకు చెందిన సెవెర్నీ బృందం సూర్యతలం 160 నిమిషాలకొకసారి కంపిస్తున్నదని ప్రకటించింది. మరి కొందరు కూడా అది కనిపించిందన్నారు. నిజమే అయితే సూర్యగర్భాన్ని గురించిన సిద్ధాంతాలన్నింటినీ తిరగరాయవలసి ఉండేది. కాని 160 నిమిషాలు ఒక దినంలో సరిగ్గా తొమ్మిదవ వంతు. పగలు మాత్రమే సాగే పరిశీలనకు, ఉదయం నుంచి సాయంకాలం వరకు మారుతూ ఉండే భూవాతావరణానికి, ఈ సంఖ్యకు గల చుట్టరికం అనుమానం రేకెత్తించింది. 1995లో ప్రయోగించిన సోహో అంతరిక్ష నౌక రాత్రి, వాతావరణం అనే అడ్డంకులు లేకుండా సూర్యుణ్ణి ఎడతెగక చూసింది. ఆ కంపనం జాడ దానికి కనిపించలేదు.

రేడియో స్పందనల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరమైంది. ఏ నియమమూ లేకుండా పెరుగుతూ తగ్గుతూ ఉండే రేఖలో కూడా మూడు నాలుగు శిఖరాలు సమానదూరంలో ఉన్నట్లు కనబడవచ్చు. ఇటువంటి యాదృచ్ఛిక కోలాహలాన్ని లెక్కలోకి తీసుకొని పాత ప్రకటనలను గత పదిహేనేళ్లుగా పునఃపరిశీలిస్తున్నారు. కొన్ని నిలిచాయి, కొన్ని వీగిపోయాయి.

సూర్యుని రేడియో ధ్వనిని అపార్థం చేసుకొంటే కలిగే నష్టం పరిశోధన పత్రాలకే పరిమితం కాదు. 1967 మే 23న అలాస్కా, గ్రీన్‌లాండ్, బ్రిటన్‌లలో ఉన్న అమెరికా క్షిపణి హెచ్చరిక రాడార్లు మూడూ ఒక్కసారిగా మూగబోయాయి. సోవియట్ యూనియన్ కావాలనే వాటిని అడ్డగించిందని సైన్యాధికారులు శంకించారు. అణ్వాయుధ విమానాలు ఎగరడానికి సంసిద్ధమయ్యాయి. అయితే సూర్యుణ్ణి నిత్యం గమనించే చిన్న విభాగాన్ని అమెరికా వైమానిక దళం అప్పటికే ఏర్పాటు చేసుకొని ఉంది. ఆ రోజు సూర్యునిపై మహాజ్వాల సంభవించిందని, రాడార్లు మూడూ సూర్యకాంతిలోనే ఉన్నాయని ఆ విభాగం సకాలంలో తెలియజేసింది. విమానాలు నేల మీదనే నిలిచిపోయాయి. ఈ వృత్తాంతం 2016లో గాని వివరంగా వెలుగు చూడలేదు. పాతికేళ్ల ముందు హే చేసిన ఆలోచననే ఆ వాతావరణ నిపుణులు మళ్లీ చేశారు. కాని ఈసారి పణంగా ఉన్నది ఫిరంగుల గురి కాదు, మానవజాతి మనుగడ. ఆ తరువాత కూడా, 2015 నవంబరు 4న సూర్యుని రేడియో విస్ఫోటం వల్ల స్వీడన్‌లో విమానాల రాడార్లు దెబ్బతిని రాకపోకలు కొంతసేపు స్తంభించాయి.

భారతదేశంలో ఈ విద్యకు బీజం వేసినవారు గోవింద్ స్వరూప్. ఆయన యౌవనంలో సిడ్నీలో శిక్షణ పొందారు. అక్కడి పాట్స్ హిల్ కేంద్రంలో పని ముగిసిన 32 చిన్న యాంటెనాలను ఆస్ట్రేలియా భారతదేశానికి కానుకగా ఇచ్చింది. పేన్-స్కాట్ తమ చివరి పరిశోధనలు సాగించిన కేంద్రం కూడా ఆ పాట్స్ హిల్లే. ఆ యాంటెనాలను 1965లో ముంబయి సమీపంలోని కల్యాణ్‌లో నెలకొల్పి స్వరూప్ బృందం సూర్యుణ్ణి పరిశీలించింది. ఊటీలోని పెద్ద రేడియో దూరదర్శిని ఆ తరువాతి ఘట్టం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణ మార్గం తెలుగునేల మీదుగా సాగినప్పుడు, హైదరాబాదు సమీపంలోని జపాల్-రంగాపూర్ వేధశాల దేశం నలుమూలల నుంచి వచ్చిన శాస్త్రజ్ఞులతో కిటకిటలాడింది.

నేడు మన దేశంలో మీటరు తరంగాలలో సూర్యుణ్ణి నిత్యం వింటున్న కేంద్రం కర్ణాటకలోని గౌరీబిదనూరులో ఉంది. మన హిందూపురానికి అది ఇరుగుపొరుగే. 1997 నుంచి అక్కడి రేడియో హీలియోగ్రాఫ్ కరోనా చిత్రాలను తీస్తున్నది. ఆంజనేయుడు సూర్యుని వద్ద వ్యాకరణం నేర్వడానికి ఉదయాద్రి నుంచి అస్తాద్రి వరకు గురుముఖాన్నే చూస్తూ ఆయనతో పాటు పయనించాడని రామాయణ కథ. రేడియో దూరదర్శినికీ అదే శిష్యధర్మం. అయితే దానికి సూర్యాస్తమయంతోనే పాఠం ఆగిపోతుంది. అందుకే ఒక దేశంలో సూర్యుడు అస్తమించే వేళకు మరొక దేశపు పరికరం పరిశీలనను అందుకొంటుంది.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య ఎల్-1కు ఈ చిక్కు లేదు. అది 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుణ్ణి ఎన్నడూ మరుగుపరచని కక్ష్యను చేరుకొంది. అదే సంవత్సరం మే నెలలో వచ్చిన సౌర తుపానుకు లడాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబారింది. ఆదిత్యలోని ఏడు పరికరాలలో రేడియో గ్రాహకం లేదు. ఎక్స్-కిరణాలను కొలిచేవి మాత్రం రెండున్నాయి. ఒకే జ్వాలను ఆకాశం నుంచి అవి చూస్తుండగా, నేల మీది యాంటెనాలు వినగలవు. 1969లో 16 సెకన్ల లయకు దొరికినట్లు ఇద్దరు సాక్షులు దొరికే అవకాశం ఇప్పుడు మన దేశంలోనే ఏర్పడింది. వారిద్దరి వాంగ్మూలాలను పక్కపక్కన పెట్టి, మోగుతున్నది తీగా, రాలుతున్నది చుక్కా అని అడగవలసిన పని మిగిలి ఉంది.

ప్రశ్నలు

1. రాడార్లను అడ్డగిస్తున్నది శత్రువు కాదని జేమ్స్ స్టాన్లీ హే ఏ ఆధారాలతో గ్రహించాడు? 1967 నాటి సంఘటనతో దానిని పోల్చి రాయండి.

2. వీణ తీగకు, సూర్యునిపై లేచే ప్లాస్మా నాళానికి గల సామ్యాన్ని వివరించండి. 80,000 కిలోమీటర్ల పొడవున్న నాళంలో తరంగ వేగం సెకనుకు 1000 కిలోమీటర్లయితే ఊగిసలాట కాలమెంత?

3. 160 నిమిషాల కంపనాన్ని శాస్త్రజ్ఞులు ఎందుకు అనుమానించారు?

4. అనూరుడు, కర్మసాక్షి, కాకతాళీయం, వాంగ్మూలం – ఈ పదాలకు అర్థాలు రాసి సొంత వాక్యాలలో ప్రయోగించండి.